నత్తి లేని యాస

బైండింగు గది
జూన్ 9

బుల్లీ,

నీ కార్డు అందింది. టైపు గది సెప్టెంబరు ఆఖరుకి మూసేస్తారని చదివాను. కాసేపు కళ్ళు మూసుకుని దేవుడి ముందు కూర్చున్నాను. మనసు కుదుటపడ్డాక ఇది రాస్తున్నాను.

పదకొండేళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫిర్యాదులు టైపు చేశావు. చాలు. ఇంటికి వచ్చెయ్యి. నీ గదిలో పేర్చిన అట్టల కట్టలు తీయించాను. వదులైన కిటికీ రెక్క బిగించాను. మా ప్రెస్సులో అచ్చయి వచ్చిన పుస్తకాల ఫారాలు వరస ప్రకారం ఏరి పెట్టే మనిషి మానేసింది. కూర్చుని చేసే పని, నోరు విప్పక్కర్లేదు. నువ్వు అక్టోబరులో చేరతావని ఓనరుకి చెప్పాను. ఆయన సరే అన్నారు.

నీకూ రావాలనే ఉంటుంది. అడగడానికి మొహమాటపడతావు. అందుకని నేనే రాస్తున్నాను.

చిన్నక్క వేసవికి వచ్చి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పి అంటుంది, మెట్లు మాత్రం నాకన్నా ముందు దిగుతుంది.

పెద్దక్క


మేడ మీది గది
జూన్ 21

పెద్దక్కా,

ఫారాల పని నాకు వద్దు. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. లేకపోతే మిగతా ఉత్తరమంతా చదివి, వస్తానంటోంది అని అర్థం చేసుకుంటావు.

ఇక్కడి సంగతి చెబుతాను. మా కంపెనీ ఇళ్ళల్లో నీళ్ళు కాచే బాయిలర్లు అమ్ముతుందని నీకు తెలుసు. కొనేవాళ్ళంతా ఐర్లండులో ఉంటారు. బాయిలరు చల్లబడగానే ఫోను చేస్తారు. పై అంతస్తువాళ్ళు జవాబు చెబుతారు. ఆ మాటలు రికార్డయి కిందికి వస్తే మేం ఆరుగురం టైపు చేస్తాం. ఇప్పుడు ఆ టైపు పని చేసే యంత్రం వచ్చింది. మీకు రెండే దారులన్నాడు సూపర్‌వైజరు, పై అంతస్తుకి వెళ్ళి ఫోనెత్తడం, లేదా ఇంటికి వెళ్ళడం. పై అంతస్తుకి వెళ్ళాలంటే సెప్టెంబరు పదిహేనున గొంతు పరీక్ష ఉంటుంది. ఫోను చేసినవాళ్ళకి తమ వీధి మనిషితో మాట్లాడుతున్నట్టు అనిపించాలట. అంటే ఐరిష్ యాస పట్టుబడాలి. దానికి వారానికి మూడు రోజులు క్లాసు పెడుతున్నారు.

నేను పేరు ఇచ్చాను.

గదిలో ఎవరూ నవ్వలేదు. అంటే అందరూ ఆపుకున్నారు. పక్క సీటు అతను మాత్రం ఆపుకోలేకపోయాడు. "నువ్వు ఫోనెత్తి హలో అనేలోపు వాళ్ళ బాయిలరు దానంతట అదే బాగైపోతుంది" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. మంచి జోకే. ‘హ’ దగ్గర నాకు ఎంతసేపు పడుతుందో అతనికి బాగా తెలుసు, పదకొండేళ్ళు పక్కనే కూర్చున్నాడు కదా.

అయినా పేరు కొట్టేయించలేదు. నలభై రెండేళ్ళొచ్చాయి. ఇంతవరకు నేను చేసిన పనులన్నీ నోరు విప్పక్కర్లేని పనులే. ఏరింది నువ్వో, ఇంకొకళ్ళో. ఈ ఒక్కటీ నేను ఏరుకున్నాను. నెగ్గితే ఇక్కడే ఉంటాను. తప్పితే నీ దగ్గరికి రాక తప్పదు. ఎందుకంటే ఈ గది కంపెనీ వాళ్ళది, ఉద్యోగంతో పాటే పోతుంది.

కిటికీ బిగించినందుకు సంతోషం. అట్టలు మళ్ళీ అక్కడే పెట్టించుకో.

బుల్లి


మన ఇల్లు
జూలై 3

బుల్లీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను.

నిన్ను వద్దనను. ఒక్కటే అడుగుతాను. నీ నత్తి సంగతి ఆ పరీక్ష పెట్టేవాళ్ళకి తెలుసా? కొత్తవాళ్ళ ముందు నీకు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

మూడో క్లాసులో నీ పేరు పిలిచారు. నువ్వు లేచి నిలబడ్డావు, మాట రాలేదు. క్లాసు క్లాసంతా నీ నోటివంక చూస్తోంది. నిన్ను దిగబెట్టి ఇంకా కిటికీ బయటే నిలబడి ఉన్నాను. "ఉందండీ, వచ్చిందండీ" అని అక్కడి నుంచే అరిచాను. టీచరు తిట్టింది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ తర్వాత ఎక్కడ నీకు మాట ఆగినా అక్కడ నేనుండేదాన్ని. ఆసుపత్రిలో, టికెట్టు కిటికీ దగ్గర, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు.

ఆ పరీక్ష గదిలో నేనుండను. అదే నా బాధ.

ఫారాల పని అక్టోబరు దాకా ఆపి ఉంచమన్నాను. నువ్వు వద్దన్నావని ఓనరుకి చెప్పలేదు.

నీ కోసం ప్రార్థిస్తూనే ఉన్నాను.

పెద్దక్క


ఆఫీసు క్యాంటీన్
జూలై 28

పెద్దక్కా,

నీకు ఒక సంగతి చెప్పాలి. ఎలా రాయాలో తెలియక పది రోజులు ఆగాను.

ఆ యాసలో నాకు నత్తి లేదు.

తమాషాకి రాయడం లేదు. క్లాసు మొదలవకముందే నాకు అనుమానం వచ్చింది. ఒక ముసలాయన ప్రతి చలికాలం ఫోను చేసి బాయిలరును తన చెల్లెలిని తిట్టినట్టు తిడతాడు. పదకొండేళ్ళుగా ఆయన్ని టైపు చేస్తున్నాను. ఆయన ఎక్కడ ఊపిరి పీలుస్తాడో నాకు కంఠస్థం. ఒకరోజు వాష్‌రూములో చేతులు కడుక్కుంటూ ఆయన తిట్లు ఆయనలాగే అన్నాను. మొదటి నుంచి చివరిదాకా వెళ్ళిపోయింది. ఎక్కడా తట్టుకోలేదు. అద్దంలో చూస్తే నోరు నాదే. భయమేసి కొళాయి కట్టకుండానే బయటికి వచ్చేశాను.

క్లాసు చెప్పే ఆవిడ అక్కడి మనిషే. ముప్పై ఏళ్ళు బడి పిల్లలకి చెప్పి రిటైరయింది. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు పట్టుకొస్తుంది కాబట్టి అందరం గొడుగు మేడం అంటాం. మొదటి రోజు నా చేత ‘దిస్’, ‘దట్’, ‘తింక్’ అనిపించి, పళ్ళ వెనక నాలుక పెట్టి ‘ద’, ‘త’ అంటున్నానని పట్టుకుంది. చిన్నప్పుడు ఇంగ్లీషు టీచరు ఇదే ‘ద’ కోసం స్కేలుతో కొట్టేది, గుర్తుందా? గొడుగు మేడం గొడుగు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. వాళ్ళూ అలాగే అంటారట. సినిమాని ఫిల్మ్ అనరు, మనలాగే ‘ఫిలిం’ అని మధ్యలో ఒక ఇకారం పెట్టుకుంటారు. కారులో రకారం మింగరు. ఇన్నేళ్ళూ నా తప్పులనుకున్నవి ఇంకొకళ్ళ ఒప్పులని తెలిస్తే ఎలా ఉంటుందో చూడు.

ఇంకోటి. వాళ్ళు ఊరికే అవును, కాదు అని సరిపెట్టరు. వస్తావా అంటే వస్తాను అంటారు. తిన్నావా అంటే తిన్నాను అంటారు. అచ్చం మనమే. ఒక్కోసారి అవునని అంటూ ఊపిరి లోపలికి పీలుస్తారు. అది నాకు బాగా పనికొచ్చింది. మాట ఆగేచోట ఆ ఊపిరి పీలిస్తే, ఆగినట్టు ఎవరికీ తెలియదు.

క్లాసులో ఒకే ఒక నియమం ఉంది. ఒకళ్ళ వాక్యం ఇంకొకళ్ళు పూర్తి చేయకూడదు. రెండో రోజు నేను తెలుగులో ఏదో అనబోయి ఆగితే పక్క సీటు అతను అలవాటుగా అందించాడు. మేడం అతన్ని లేపి తలుపు బయట నిలబెట్టింది. నలభై ఐదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పది నిమిషాలు నిలబడ్డాడు పాపం. లోపలికి వచ్చాక నాకేసి చూసి, "ఇప్పుడు చెప్పు తల్లీ, ఏమనబోయావో, నా కాళ్ళు పోయాయి" అన్నాడు. నేను అనబోయింది అతను అందించింది కాదు.

నా వాక్యాలు ఎంత పొడుగుంటాయో నాకే ఇప్పుడు తెలుస్తోంది.

బుల్లి


మన ఇల్లు
ఆగస్టు 6

బుల్లీ,

సంతోషం. దేవుడికి దండం పెట్టుకున్నాను.

చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్న మనసులో మెదిలింది. దాచుకోకుండా అడుగుతున్నాను. ఆ యాసలో మాట్లాడేది నువ్వేనా? ఆ ముసలాయన గొంతు, ఆ మేడం గొంతు అరువు తెచ్చుకుంటే మాట సాఫీగా వస్తుంది. మరి మనింటి మాట? నీ నత్తి విని నేను నిన్ను పెంచాను. అది లేకుండా నువ్వెలా ఉంటావో ఊహకి అందడం లేదు.

ఇన్నేళ్ళూ ఫోను వద్దన్నావు, ఉత్తరాలే రాసుకున్నాం. ఫోనులో నువ్వు ఆగితే లైను కట్టయిందేమోనని నేను కంగారు పడేదాన్ని. ఇప్పుడు భయం తగ్గింది కదా. ఈ ఆదివారం ప్రెస్సు నంబరుకి చెయ్యి. ప్రార్థన ముగించుకుని పదింటికల్లా అక్కడ ఉంటాను. నీ గొంతు వినాలనుంది.

పెద్దక్క


మేడ మీది గది
ఆగస్టు 14

పెద్దక్కా,

మొన్న ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి కోపంగా ఉంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

తెలుగులోనే మాట్లాడాలనుకున్నాను. నీతో ఐరిష్ యాసలో మాట్లాడితే నువ్వు నవ్వుతావు, లేదా ఏడుస్తావు. నత్తి ఉంటే ఉండనీ, అక్కే కదా అనుకున్నాను. పావుగంట మాట్లాడాం. అందులో నేను పూర్తి చేసిన వాక్యం ఒక్కటి కూడా లేదు. గుర్తుందా?

"నాకు ఇక్కడ భయం..." అన్నాను. "వేస్తోంది, తెలుసులే" అన్నావు. పోయింది అనబోయాను.

"ఈమధ్య నిద్ర..." అన్నాను. "పట్టడం లేదా" అన్నావు. హాయిగా పడుతోంది అనబోయాను.

"పరీక్ష అయ్యాక ఇంటికి..." అన్నాను. "వచ్చెయ్యమ్మా, నీ గది సిద్ధంగా ఉంది" అన్నావు. రాను అనబోయాను.

మన భాషలో మనిషి ఏమనుకుంటున్నాడో వాక్యం తోక దగ్గరగానీ తేలదు. అక్కడిదాకా ఆగితేనే తెలుస్తుంది. నువ్వు ఎప్పుడూ ఆ తోక కోసేసి నీది కుట్టేస్తావు. నీ చెయ్యి బైండరు చెయ్యి, అతుకు కనపడదు. నాకే ఒక్కోసారి, నేను అనుకున్నది అదేనేమో అనిపిస్తుంది.

ఫోనులో అడగలేకపోయింది ఇక్కడ అడుగుతున్నాను. పందొమ్మిదేళ్ళుగా ఇద్దరం దీని పక్కనుంచి నడిచి వెళుతున్నాం.

ప్రూఫులాయన పెళ్ళి మాట అడగడానికి ఇంటికి వచ్చిన రోజు. మీ ప్రెస్సులో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి. చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు మరిచిపోయి అలాగే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, నీతో కాదు, నాతో అడిగాడు. "మీకు ఇష్టమేనా?" అని. ఇరవై మూడేళ్ళలో నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. "నాకు ఇష్ట..." అన్నాను. ఆగిపోయింది. నువ్వు వంటింటి గుమ్మంలోంచి, చేతులు తుడుచుకుంటూ, "ఇష్టం లేదండీ. ఏమీ అనుకోకండి" అన్నావు. ఆయన లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నువ్వు పొరపాటు పడ్డావా, తెలిసే అన్నావా? జవాబు నువ్వే రాయి. నేను నీ తరఫున ఊహించను.

బుల్లి


మన ఇల్లు
సెప్టెంబరు 2

బుల్లీ,

తెలిసే అన్నాను.

నీ కళ్ళు చూశాను. ఇష్టమే అనబోతున్నావని అర్థమైంది. లేదు అన్నాను. ఆయన వెళ్ళాక నువ్వు నా మొహంవంక చూసి లోపలికి వెళ్ళావు. ఏమీ అడగలేదు. అడగవని నాకు తెలుసు. నిన్ను అలా పెంచింది నేనే.

ఇంకొకటి కూడా చెప్పాలి. జూన్ నుంచి నీ కోసం ప్రార్థిస్తున్నానని రాశాను. ఏమడుగుతున్నానో రాయలేదు. నువ్వు పరీక్షలో తప్పాలని అడుగుతున్నాను. తప్పితే ఇంటికి వస్తావు. మూడు నెలలుగా రోజూ, తల వంచి, కళ్ళు మూసుకుని, అదే అడిగాను. నీ ఉత్తరం చదివాక దేవుడి ముందు కూర్చోలేకపోయాను. రెండు రోజులు ప్రార్థన మానేశాను. బుద్ధి తెలిశాక ఎన్నడూ అలా జరగలేదు.

మూడో రోజు లేచి చేయవలసింది చేశాను. ప్రూఫులాయన రిటైరయినా గురువారాలు ప్రెస్సుకి వస్తారు. ఆయనకి పెళ్ళయింది, భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. ఇవి నీకు తెలియవు, ఇన్నేళ్ళూ నేను రాయలేదు. ఆయన బల్ల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తప్పులు దిద్దుతున్న గేలీ కాగితం మడత పెట్టారు. మళ్ళీ విప్పారు. "వినగానే తెలిసింది, ఆ వాక్యం ఆవిడది కాదని" అన్నారు. "తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆ రోజు పట్టకుండా లేచి వచ్చేశాను."

నీకు అప్పుడు ఇష్టమేనని ఆయనకి చెప్పాను. ఇప్పటికీ ఆ ఇష్టం పోలేదని, అందుకే ఇన్నేళ్ళ తర్వాత అడిగావని కూడా చెప్పాను. ఒకసారి వెళ్ళి కలవమన్నాను. నీ ఆఫీసు అడ్రసు రాసిచ్చాను. ఆయన చాలాసేపు ఆలోచించి జేబులో పెట్టుకున్నారు.

చెడగొట్టింది నేను కాబట్టి సరిదిద్దవలసిందీ నేనే. గుండె తేలికపడింది. ఇప్పుడు నువ్వు నెగ్గాలనే అడుగుతున్నాను. ఇది నిజం.

పెద్దక్క


మేడ మీది గది
సెప్టెంబరు 19

పెద్దక్కా,

పరీక్ష పోయింది. తప్పలేదు, అసలు లోపలికే వెళ్ళలేదు. ఎలా పోయిందో వివరంగా రాస్తాను. నువ్వు ఊహించుకోవడానికి ఖాళీ ఉంచను.

పదకొండింటికి నా వంతు. గొడుగు మేడం ఆరోజు పొద్దున్నే వచ్చి నా చేత రెండుసార్లు చెప్పించింది. బాయిలరు చల్లబడ్డ ముసలమ్మని ఓదార్చాలి. ఇప్పుడే మనిషిని పంపించాం అనడానికి వాళ్ళు, మనిషిని ‘పంపించిన తర్వాత ఉన్నాం’ అన్నట్టుగా, ఒక వింత తీరులో అంటారు. అది తడబడకుండా వచ్చింది. మేడం నా భుజం తట్టి, పైన నీ కుర్చీ ఏదో చూసుకున్నావా అంది. చూసుకున్నాను. కిటికీ పక్కది.

పదిన్నరకి కింద రిసెప్షన్ నుంచి కబురొచ్చింది, ఎవరో పెద్దమనిషి వచ్చారని. దిగి వెళ్ళాను. జుట్టంతా నెరిసిపోయింది, అయినా కుర్చీ అంచున కూర్చున్న తీరులో గుర్తుపట్టాను. ఆయన లేచి నిలబడ్డాడు. నువ్వు అన్నీ చెప్పావని, నాకు ఇష్టమేనని తెలిసి వచ్చానని, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ఏమీ అనుకోవద్దని అన్నాడు. అన్నీ నేలవంక చూస్తూ చెప్పాడు. చెప్పి నా మొహంవంక చూసి ఊరుకున్నాడు.

ఆయన ఆగాడు అక్కా. నేను నోరు తెరిచాను, రాలేదు, ఆయన అందించలేదు. గడియారం చూడలేదు. రిసెప్షన్ అమ్మాయి జాలిగా నాకేసి చూసి ఏదో అనబోతే చేత్తో వారించాడు. నా జన్మలో తెలుగులో నా కోసం అంతసేపు ఆగిన మనిషిని చూడలేదు. ఆ యాసలోకి దూరితే రెండు నిమిషాల్లో చెప్పేసి మెట్లెక్కేదాన్ని. కానీ ఆయన నన్ను అడిగింది తెలుగులో. జవాబు తెలుగులోనే ఉంది.

పైనుంచి నా పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి గొడుగు మేడం తనే మెట్ల మీదికి వచ్చి చూసింది. నేను అప్పటికి ‘ఇష్ట’ దాకా వచ్చాను. లేచి వెళ్ళొచ్చు. కాసేపు ఆగండి అని సైగ చేసి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. పందొమ్మిదేళ్ళుగా నోట్లో ఉన్న వాక్యం, తోక ఇంకా లోపలే ఉంది. మేడం పైకి వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

నేను ఆ రోజు అనబోయింది ఇది. ఆయనకి మొత్తం చెప్పాను, ఇప్పుడు నీకూ రాస్తున్నాను.

"నాకు ఇష్టమో కాదో నాకే తెలియడం లేదు. కాస్త గడువివ్వండి."

ఇష్టమే అని కాదు. ఇష్టం లేదని కాదు. నువ్వు నా కళ్ళల్లో చూసిందేమిటో నాకు తెలియదు. నాకు ఇరవై మూడేళ్ళు. నన్నెవరూ ఏదీ అడగలేదు అంతకుముందు. నా ఇష్టం ఎలా ఉంటుందో చూసుకోవడానికి నాకు ఒక నెల కావాలి. అంతే అడగబోయాను. నువ్వు నా వాక్యాన్ని రెండుసార్లు పూర్తి చేశావు. ఒకసారి గుమ్మంలో నిలబడి, ఒకసారి ఆయన బల్ల ముందు నిలబడి. రెండూ తప్పే.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇచ్చేవాణ్ణి" అన్నాడు. ఎంత గడువని అడిగాను. "ఎంత అడిగితే అంత."

ఇప్పుడు ఇష్టమా అని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు, దయచేసి నువ్వు కూడా తెలుసుకోవద్దు. బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగి వెళ్ళిపోయాడు.

మేడం తర్వాత కిందికి వచ్చి, ఇంకోసారి పరీక్ష పెట్టించమని అడిగి చూశానని, పెట్టరన్నారని చెప్పింది. నా మీద కోపం ఉన్నట్టే ఉంది. తన నియమం వల్లే ఇలా జరిగిందని చెబుదామనుకున్నాను. ఆవిడ భాషలో చెప్పడం తేలికే. చెప్పలేదు. పైన ఆ కిటికీ దగ్గరి కుర్చీ, కింద నా పక్క సీటులో కూర్చునే అతనికి వచ్చింది. అతను స్వీటు పెట్టబోయి, నా మొహం చూసి డబ్బా మూసేశాడు.

నువ్వు జూన్ నుంచి ఆగస్టు దాకా అడిగింది ఫలించింది. సెప్టెంబరులో అడిగింది ఆలస్యమైంది.

కానీ ఇంటికి రాను. పార్సిలు ఆఫీసులో పొట్లాల మీద అడ్రసులు టైపు చేసే పని దొరికింది. నోరు విప్పక్కర్లేని పనే. ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది తీసుకున్నాను. కొత్త అడ్రసు వెనక రాశాను. అది నీకు మాత్రమే. ఎవరికీ రాసివ్వద్దు.

బుల్లి


మన ఇల్లు
అక్టోబరు 4

బుల్లీ,

ఉత్తరం అందింది.

జవాబు నాలుగుసార్లు రాసి చించాను. మొదటిదాంట్లో, కోపం తగ్గాక వస్తావని రాశాను. రెండోదాంట్లో, మనసులో నన్ను క్షమించే ఉంటావని. మూడోదాంట్లో, ఆ పార్సిలు పని నీకు నచ్చదని. నాలుగోది ఏమీ ఊహించకుండా మొదలుపెట్టాను. సగంలో చూసుకుంటే, ఆయన మీద నీకు ఇంకా ఏదో ఉందని రాస్తున్నాను.

ఇది ఐదోది. నా సంగతి తప్ప ఏదీ రాయను.

ఆ రోజు నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతానని భయపడ్డాను. అందుకే లేదు అన్నాను. కొత్త ఇంట్లో నీ నత్తిని ఎవరు భరిస్తారని, నీ మంచికేనని, ఇన్నేళ్ళూ దేవుడికి కూడా అలాగే చెప్పుకున్నాను. మిగలనే మిగిలాను.

నీ కళ్ళల్లో ఇష్టం చూశానని రాశాను. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా నాకు నీ కళ్ళు గుర్తు రావడం లేదు. ఆయన చొక్కా జేబులో పెన్సిలు నువ్వు చూశావు. నేను చూడలేదు. నేను చూసింది నా భయమేనేమో.

అడ్రసు ఎవరికీ ఇవ్వను. ఓనరుకి నువ్వు రావని చెప్పాను. ఆయన కారణం అడిగారు. తెలియదన్నాను.

ఆరోగ్యం బాగానే ఉంది. పొద్దున్నే ప్రార్థనకి కూర్చుంటున్నాను. నీ పేరు దాకా వచ్చి ఆగిపోతున్నాను. ఆ తర్వాత ఏమని అడగాలో నాకు తెలియడం లేదు.

పెద్దక్క